హైదరాబాద్–డాలస్ ప్రయాణాన్ని ఇంటి గడప నుంచి లెక్కపెట్టాలి

శంషాబాద్ విమానాశ్రయానికీ డాలస్ ఫోర్ట్ వర్త్ విమానాశ్రయానికీ మధ్య దూరం ఎంత అని అంతర్జాలంలో వెతికితే సుమారు 14,400 కిలోమీటర్లు అని వెంటనే సమాధానం వస్తుంది. ప్రయాణ సమయం ఎంత అంటే పదహారున్నర గంటలనో పదిహేడు గంటలనో ఆ పక్కనే రాసి ఉంటుంది. మొదటి అంకె సరైనదే. రెండోది మాత్రం ఏ ప్రయాణికుడికీ అనుభవంలోకి వచ్చే సమయం కాదు, ఎందుకంటే నేను ఇది రాస్తున్న నాటికి ఈ రెండు ఊళ్ళ మధ్య నేరుగా ఎగిరే విమానమే లేదు. దూరాన్ని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగించి, లేవడానికీ దిగడానికీ ఒక అరగంట కలిపి ఆ అంకెను తయారుచేస్తారు. అందులో గాలి లేదు, దేశాల సరిహద్దులు లేవు, మధ్యలో ఆగే ఊరు లేదు, గుంటూరు నుంచి శంషాబాద్ దాకా సాగే రాత్రి ప్రయాణం అసలే లేదు.

అయినా ఆ అంకెనే మనసులో పెట్టుకుని మనం తల్లిదండ్రులకు టికెట్లు కొంటున్నాం. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ఊళ్ళలో ఉండే తెలుగు కుటుంబాల్లో అమ్మానాన్నల రాకపోకలు ఏటా జరిగేవే. టికెట్టు వెతికేటప్పుడు జాబితాలో అన్నిటికంటే తక్కువ సమయం చూపించేదాన్ని పైకి తెచ్చుకుని, ధర సరిపోతే కొనేయడం అందరికీ అలవాటైపోయింది. ఈ అలవాటు మారాలన్నది నా వాదన. దూరపు ప్రయాణంలో సమయాన్ని కిలోమీటర్లు నిర్ణయించవు. అనుమతులు, గాలి, ఇంధనం, మధ్యలో ఆగే చోటు నిర్ణయిస్తాయి. అందువల్ల విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కాకుండా ఇంటి గడప నుంచి ఇంటి గడపకు లెక్కపెట్టుకుని, ఆ లెక్కలో పెద్దవాళ్ళ శరీరానికీ ధైర్యానికీ తగినంత చోటు ఉంచి టికెట్టు కొనాలి.

ముందుగా దూరం సంగతి. గోడకు తగిలించిన ప్రపంచ పటంలో చూస్తే హైదరాబాద్ నుంచి డాలస్‌కు దారి అరేబియా, ఐరోపా, అట్లాంటిక్ మీదుగా పడమటికి పోతున్నట్టు కనిపిస్తుంది. మా అబ్బాయి బడి చదువు కోసం కొన్న గ్లోబు మీద హైదరాబాద్ దగ్గర ఒక దారం కొసను వేలితో నొక్కిపట్టి, రెండో కొసను డాలస్ దాకా బిగుతుగా లాగి చూస్తే ఆ దారం పడమటికి పోనే పోదు, నిటారుగా ఉత్తరానికి లేస్తుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డాలస్ 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉన్నాయి. రెండూ కలిపితే 175 డిగ్రీలు, అంటే భూగోళానికి దాదాపు ఎదురెదురు పక్కలు. అలాంటి రెండు ఊళ్ళ మధ్య దగ్గరి దారి ధ్రువం పక్కగానే ఉంటుంది. ఆ దారం ఢిల్లీ మీదుగా, కారకోరం శిఖరాల మీదుగా సాగి, సైబీరియాలోని ఓమ్స్క్ నగరం దగ్గర దాటి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరం దాకా వెళ్ళి, కెనడాలోని ఎల్స్‌మియర్ దీవి మీద మళ్ళీ నేలను తాకుతుంది. అక్కడి నుంచి హడ్సన్ అఖాతం పడమటి అంచు మీదుగా, నెబ్రాస్కాలోని ఓమహా మీదుగా టెక్సాస్‌లోకి దిగుతుంది. 14,400 అన్న అంకె ఈ దారం పొడవు. గణితంగా అది తిరుగులేనిది, కాని ఏ విమానమూ ఆ దారం వెంట ఉన్నది ఉన్నట్టుగా ఎగరదు.

ఎగరకపోవడానికి మొదటి కారణం కొండలు. విమానం లోపలి గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే పైలట్లు వెంటనే దాదాపు మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగిరావాలి. కింద ఏడెనిమిది కిలోమీటర్ల శిఖరాలు నిలబడి ఉన్నచోట అలా దిగడానికి వీలుండదు కనుక టిబెట్, కారకోరం ప్రాంతాల మీద ఎక్కువసేపు ఎగరకుండా తప్పుకుంటారు.

రెండో కారణం ఇంతకంటే బరువైనది. ఆకాశం దాని కింద ఉన్న దేశానికి చెందుతుంది. ఆ దేశం వద్దంటే దారం తెగినట్టే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, ఐరోపా దేశాలు రష్యా విమానాలకు తమ గగనతలాన్ని మూశాయి, రష్యా కూడా వారి విమానాలకు తన గగనతలాన్ని మూసింది. హెల్సింకి నుంచి టోక్యోకు ఫిన్‌ఎయిర్ విమానం అంతకు ముందు తొమ్మిది గంటల పైచిలుకులో చేరేది. రష్యాను చుట్టిరావలసి వచ్చేసరికి అది దాదాపు 13 గంటలైంది. ఆ రెండు ఊళ్ళూ అంగుళం కూడా కదలలేదు, వాటి మధ్య దూరం చెప్పే వెబ్‌సైట్లలో అంకె కూడా మారలేదు. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లోనూ ఇదే జరిగింది: సోవియట్ భూభాగం మీదుగా దారి లేకపోవడం వల్ల 1957లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ వారు కోపెన్‌హాగన్ నుంచి ధ్రువ మార్గం పట్టి, అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి టోక్యో చేరేవారు.

మన సంగతికి వస్తే, రష్యా ఆకాశం మూతపడటంతో 2022 మార్చిలో అమెరికాకు చెందిన యునైటెడ్ విమాన సంస్థ శాన్ ఫ్రాన్సిస్కో–ఢిల్లీ, న్యూఅర్క్–ముంబయి సర్వీసులను ఆపేసింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రకటించిన సియాటిల్–బెంగళూరు విమానం అసలు మొదలే కాలేదు. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ గగనతలం భారతీయ విమానాలకు మూతపడింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో దిగవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసు నిలిచిపోయింది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. నేను పైన చెప్పిన దారం సరిగ్గా ఢిల్లీ మీదుగానే పోతుంది, అంటే ఢిల్లీలో ఆగి వెళితే దూరం ఒక్క కిలోమీటరు కూడా పెరగనట్టే. దోహా మీదుగా వెళితే సుమారు 1,200 కిలోమీటర్లు పెరుగుతుంది. అయినా దోహా, దుబాయ్‌ల నుంచి డాలస్‌కు నేరుగా విమానాలున్నాయి, ఢిల్లీ నుంచి లేవు. ఢిల్లీ నుంచి షికాగో లాంటి ఊరికి వెళ్ళి, అక్కడ దేశంలోకి ప్రవేశించే తనిఖీలన్నీ ముగించుకుని, పెట్టెలు తీసుకుని మళ్ళీ అప్పగించి, ఇంకో విమానం ఎక్కి డాలస్ రావాలి. పటం మీద ఢిల్లీ గెలుస్తుంది, ప్రయాణంలో ఓడిపోతుంది.

గల్ఫ్ నగరాలు ఎప్పుడూ నిశ్చింతగా ఉంటాయని కూడా నేను అనను. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసివేసినప్పుడు దోహాకు రావలసిన విమానాలు దారి మళ్ళాయి, దోహాలో ఆగినవారు అక్కడే చిక్కుకుపోయారు. మధ్యలో ఏ ఊరు ఉంటే ఆ ఊరి కష్టసుఖాలు మన ప్రయాణంలోకి వస్తాయి.

గాలి విషయం చాలామంది పట్టించుకోరు. విమానాలు ఎగిరే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమటి నుంచి తూర్పుకు గంటకు 150 నుంచి 300 కిలోమీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వేగంతో వీస్తుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి వెన్ను తట్టి నెట్టడంతో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా దానికి ఆరున్నర, ఏడు గంటలు పడుతుంది. దుబాయ్ నుంచి డాలస్‌కు సుమారు 16 గంటలైతే, డాలస్ నుంచి దుబాయ్‌కు సుమారు పద్నాలుగున్నర గంటలే. దూరం రెండు వైపులా ఒకటే కదా అని పోనూ రానూ ఒకే అంకె చూపించే లెక్క దీంతోనే తప్పిపోతుంది. సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్ళే విమానం ప్రపంచంలోకెల్లా పొడవైన సర్వీసుల్లో ఒకటి. 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం. దాని దగ్గరి దారి కూడా ధ్రువం పక్కనుంచే ఉన్నా, వెళ్ళేటప్పుడు చాలావరకు పసిఫిక్ మహాసముద్రం మీదుగా తూర్పుకు తిరిగి, ఆ గాలిని వీపున పెట్టుకుని పోతుంది. చుట్టుదారిలో గాలి కలిసొస్తే దగ్గరి దారికంటే ముందు చేరవచ్చు.

ఇక "హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం కావాలి" అన్న కోరిక. మన సంఘాల సభల్లో, కుటుంబాల మధ్య మాటల్లో ఇది తరచుగా వినిపిస్తుంది. దీని వెనుక ఉన్న ఆవేదన నాకు బాగా తెలుసు. ఇంగ్లీషు రాని అమ్మ మధ్యలో ఎక్కడా దిగకుండా, శంషాబాద్‌లో ఎక్కి కొడుకు ఊళ్ళో దిగగలిగితే అంతకంటే కావలసిందేముంది? 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది, సుమారు 13,300 కిలోమీటర్లు. అదే నెలలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు మహిళా పైలట్లు ధ్రువం మీదుగా నడిపిన విమానం దాదాపు పదిహేడు గంటల్లో చేరినప్పుడు మనమందరం గర్వపడ్డాం. షికాగో సర్వీసు తరువాత నిలిచిపోయింది. అంటే నేరుగా ఎగరడం విమానానికి సాధ్యమే, ఏళ్ళ తరబడి నిలబెట్టడమే కష్టం.

ఆ కష్టం ఇంధనం దగ్గర మొదలవుతుంది. పదహారు, పదిహేడు గంటలు ఎగరాలంటే బయలుదేరేటప్పుడే అంత ఇంధనం నింపుకోవాలి, ఆ ఇంధనాన్ని మోయడానికి మరికొంత ఇంధనం కాలుతుంది. బరువు తగ్గించడానికి మనుషులనైనా సరుకునైనా తగ్గించాలి. సింగపూర్–న్యూయార్క్ విమానంలో 161 సీట్లే ఉంటాయి, ఎకానమీ తరగతి అసలే లేదు. అదే రకం విమానాన్ని మామూలు దూరాలకు నడిపేటప్పుడు 250 మందికి పైగా ఎక్కించుకుంటారు. అమెరికా సంస్థలకు రష్యా ఆకాశం లేదు కనుక వారు ఇంకా చుట్టు తిరగాలి. ఈ ఖర్చంతా టికెట్టు ధరలోకే వస్తుంది, ఆ ధర మన మధ్యతరగతి కుటుంబాలు ఏటా భరించేది కాదు. పైగా పదిహేడు గంటలు ఒకే సీట్లో కూర్చోవడం డెబ్బై ఏళ్ళ మోకాళ్ళకు సుఖమని నాకు అనిపించదు. నాలుగున్నర గంటల తరువాత ఒకచోట దిగి, కాళ్ళు చాపి, మొహం కడుక్కుని, వేడిగా ఏదైనా తిని, మళ్ళీ ఎక్కడం చాలామంది పెద్దవాళ్ళకు మేలు. మధ్యలో ఆగడం వల్ల కలిగే నష్టంలో ఎక్కువ భాగం ఆగడం వల్ల వచ్చేది కాదు, హడావిడిగా ఆగడం వల్ల వచ్చేది.

దీనికి నా కళ్ళముందు జరిగింది చెబుతాను. ఒకసారి మా అమ్మ ఒంటరిగా వస్తున్నప్పుడు మధ్య మజిలీలో రెండు గంటల వ్యవధి ఉంది. టికెట్టు అమ్మిన సంస్థ లెక్క ప్రకారం అది సరిపడా సమయమే. మొదటి విమానం ఆలస్యంగా దిగడంతో అందులో సగం కరిగిపోయింది. వీల్‌చైర్ తోసుకుంటూ వచ్చిన కుర్రాడు ఆమెను ఒకచోట కూర్చోబెట్టి ఇంకొకరిని తీసుకురావడానికి వెళ్ళాడు. నేను డాలస్‌లో కూర్చుని ఫోనులో విమానం బొమ్మను చూస్తుండగా అమ్మ ఫోను చేసింది. "నాయనా, గేటు మార్చారంట్రా. ఆ పిల్లోడు ఇక్కడే కూర్చోమని చెప్పి పోయాడు. టైము దగ్గర పడతా ఉంది. నేను నడిచి పోనా?" ఆమె చేతిలో నేను పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి ఇచ్చిన కాగితం ఉంది, పైన తెలుగులో, కింద ఇంగ్లీషులో, "నేను డాలస్ వెళ్ళాలి, నాకు ఇంగ్లీషు రాదు, దయచేసి గేటు దగ్గరికి తీసుకెళ్ళండి" అని. ఆ కాగితం పక్కన కూర్చున్న ఒక మలయాళీ నర్సుకు చూపించింది. ఆ నర్సు తన విమానం సంగతి పక్కన పెట్టి అమ్మను గేటు దాకా దిగబెట్టింది. అమ్మ విమానం ఎక్కింది, కాని ఆ తరువాతి పదహారు గంటలు ఆమె కన్ను మూయలేదు. టికెట్టు మీద ఆదా అయిన గంటన్నరకు ఆమె పెట్టిన ఖర్చు అది.

అందుకే పెద్దవాళ్ళ ప్రయాణానికి మధ్యలో మూడు నుంచి నాలుగు గంటలు ఉండాలని నేను గట్టిగా చెబుతాను. వెబ్‌సైట్లలో "తక్కువ సమయం" అన్న మీట ఉన్నట్టే "మధ్యలో కనీసం మూడు గంటలు" అన్న మీట కూడా అంతే సులువుగా కనబడేచోట ఉండాలి. ఇప్పుడు దానికోసం వెతుక్కోవాలి. ఫలానా తేదీన మా అత్తమామలు వస్తున్నారు, తోడు ఎవరైనా ఉన్నారా అని వాట్సాప్ గ్రూపుల్లో అడిగే పద్ధతి మనవాళ్ళు కనిపెట్టుకున్న గొప్ప ఏర్పాటు. తోడు దొరికే తేదీ కోసం ప్రయాణాన్ని రెండు రోజులు జరుపుకున్నా నష్టం లేదు.

ఇప్పుడు గడప లెక్క వేద్దాం. గుంటూరు దగ్గరి పల్లె నుంచి పిడుగురాళ్ళ, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి చేరి, అక్కడి నుంచి శంషాబాద్ రావడానికి సుమారు మూడు వందల కిలోమీటర్లు, దారిలో టీకీ భోజనానికీ ఆగడంతో కలిపి ఆరు గంటలు. విమానానికి నాలుగు గంటలు ముందు చేరాలి. దోహాకు నాలుగున్నర గంటలు, అక్కడ మూడు గంటలు, డాలస్‌కు పదహారు గంటలు. దిగాక ఇమ్మిగ్రేషన్ వరుసకూ పెట్టెలకూ గంటన్నర, ఇంటికి ముప్పావు గంట. మొత్తం దాదాపు 36 గంటలు. అందులో గాల్లో ఉండేది ఇరవైన్నర గంటలే. 14,400 కిలోమీటర్లను 36తో భాగిస్తే సగటు వేగం గంటకు 400 కిలోమీటర్లు. విమానం వేగంలో సగం కూడా కాదు. మూడు వందల కిలోమీటర్ల రోడ్డుకు ఆరు గంటలు, దాదాపు మూడు వేల కిలోమీటర్ల దోహాకు నాలుగున్నర గంటలు అన్న ఒక్క పోలిక చాలు, మనకు తక్షణం కావలసింది డాలస్‌కు నేరుగా విమానం కాదని, విజయవాడ, విశాఖపట్నాల నుంచి గల్ఫ్ నగరాలకు మంచి సమయాల్లో ఎక్కువ విమానాలని చెప్పడానికి. ఆ ఒక్క మార్పుతో కోస్తా జిల్లాల పెద్దవాళ్ళ ప్రయాణంలో నాలుగైదు గంటలు, అదీ అన్నిటికంటే అలసట కలిగించే గంటలు, తగ్గిపోతాయి.

గడియారం చేసే మోసం కూడా ఈ లెక్కలో ఉండాలి. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. వేసవిలో తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాద్‌లో ఎక్కినవారు అదే రోజు సాయంత్రం అయిదింటికి డాలస్‌లో దిగుతారు. చూడటానికి పదమూడు గంటలు, నిజానికి ఇరవై మూడున్నర గంటలు. చక్కెర వ్యాధికీ రక్తపోటుకూ మందులు వేసుకునేవారు గమ్యస్థానపు గడియారం చూసి మాత్రలు వేసుకుంటే ఒక పూట తప్పిపోతుంది. బయలుదేరే ముందే డాక్టరును అడిగి, ఏ మాత్ర ఇండియా టైములో ఎన్నింటికో కాగితం మీద రాయించుకుని, చేతిగడియారాన్ని దిగేదాకా మార్చకుండా ఉంచుకోమని మా ఇంట్లో చెబుతాం. ఇన్సులిన్ తీసుకునేవారికి ఇది మరీ ముఖ్యం.

తిరుగు ప్రయాణం గురించి చెప్పవలసింది ఇంకొకటి ఉంది, ఇదే అన్నిటికంటే ఎక్కువగా నన్ను కలవరపెడుతుంది. గాలి కలిసి రావడం వల్ల ఆకాశంలో గంటన్నర దాకా ఆదా అవుతుంది, కాని గల్ఫ్ నుంచి వచ్చే విమానాలు చాలావరకు హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందే దిగుతాయి. తీసుకెళ్ళడానికి వచ్చే బంధువో డ్రైవరో ముందు రోజు సాయంత్రం ఊళ్ళో బయలుదేరి, నిద్ర లేకుండా విమానాశ్రయం బయట కాచుకుని, పెట్టెలు ఎక్కించుకుని అదే చీకట్లో మళ్ళీ మూడు వందల కిలోమీటర్లు నడపడానికి సిద్ధపడతాడు. ప్రపంచంలో సగం చుట్టి క్షేమంగా వచ్చినవాళ్ళు ప్రమాదానికి దగ్గరగా వెళ్ళేది ఆ చివరి ఆరు గంటల్లోనే. శంషాబాద్ దగ్గర ఒక గది ముందే మాట్లాడి, డ్రైవరు కూడా పడుకునే ఏర్పాటు చేసి, టిఫిన్లు అయ్యాక పగటి వెలుగులో బయలుదేరమని మా వాళ్ళకు నేను ఖచ్చితంగా చెబుతాను. దానికయ్యే డబ్బును టికెట్టు ధరలోనే కలిపి లెక్కవేస్తాను, ఆ ఏడెనిమిది గంటలను ప్రయాణ సమయంలోనే కలిపి అమ్మకు ముందుగానే చెప్పి ఉంచుతాను.